తెలుగు అక్షరాలతో క్లే గిఫ్ట్ ట్యాగులు: శ్రావణంలో మా ఇంట్లో చేసిన అనుభవం

మాది బందరు. మా తమ్ముడి గృహప్రవేశం శ్రావణంలో పెట్టుకున్నాం, వచ్చినవాళ్ళకి రిటర్న్ గిఫ్ట్ గా ఏటికొప్పాక కుంకుమ భరిణెలు ఇవ్వాలని అమ్మ ముందే తేల్చేసింది. భరిణెలు వచ్చేసాయి, వాటికి సరిపడా చిన్న గుడ్డ సంచులు కుట్టించాం, ఇంక సంచికి కట్టే ట్యాగులు మిగిలాయి. షాపుల్లో చూస్తే అన్నీ అట్టముక్కలే, దాని మీద బంగారు రంగులో థాంక్యూ అని ఇంగ్లీషు. తెలుగులో కావాలంటే ప్రెస్ లో కొట్టించుకోవాలి, అదీ అట్టే. అంకుడు కర్రని తిప్పుతూ లక్క పట్టించి, చెట్ల నుంచి తీసిన రంగులతో ఒక మనిషి చేత్తో చేసిన భరిణెకి ఆ మెరిసే అట్ట కడదామంటే నాకు మనసొప్పలేదు. చేత్తో చేసిన వస్తువుకి చేత్తో చేసిన ట్యాగే ఉండాలి, దాని మీద తెలుగే ఉండాలి అని పట్టుబట్టా.

నేను, అమ్మ, ఇంటర్ చదివే మా మేనకోడలు, ముగ్గురం కూర్చుని చేసాం. సముద్రం దగ్గరుండే ఊళ్ళవాళ్ళకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నా, ఎందుకంటే వీడియోల్లో చాలామంది "రాత్రి పెట్టేస్తే పొద్దున్నకి ఆరిపోతాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, వాళ్ళ ఊళ్ళో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి వాళ్ళకి నిజమే, మా ఊళ్ళో శ్రావణంలో మరమరాలు కాసేపు బయటపెడితేనే మెత్తబడిపోతాయి, అక్కడ నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న తడి బిళ్ళ రాత్రికి రాత్రి ఎలా ఆరుతుంది?

ముందు ఏ ముద్దతో చెయ్యాలో తేలాలి. రకానికి కొంచెం కలిపి, చిన్న బిళ్ళలు చేసి, వెనకాల పేరు గీసి వంటింటి కిటికీ దగ్గర పెట్టి కొన్నాళ్ళు చూసా.

అందరూ మొదట చెప్పేది ఉప్పు, మైదా ముద్ద. మైదా రెండు కప్పులు, మెత్తటి ఉప్పు ఒక కప్పు, నీళ్ళు ముప్పావు నుంచి ఒక కప్పు దాకా, అంతే. పిసకడానికి హాయిగా ఉంటుంది, చిన్నపిల్లలతో చేయించడానికి ఇదే మంచిది. కానీ గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని లాగేసుకుని తనే కరగడం మొదలుపెడుతుంది, వానాకాలం ఉప్పు జాడీలో నీళ్ళూరేది అందుకే. మా తీరంలో వానాకాలం సాయంత్రాలు ఆ 75 ఇట్టే దాటేస్తుంది. గట్టిగా ఆరిందనుకున్న ఉప్పు బిళ్ళ వాన పడ్డ సాయంత్రానికి చెమట పట్టి వేలికి అంటుకుంది, మర్నాడు ఎండకి మళ్ళీ గట్టిపడింది, ఇలా తడిసి ఆరి తడిసి ఆరి అంచులు పొడి రాలడం మొదలైంది. పైగా మైదా కాబట్టి పురుగు పట్టే భయం ఒకటి. పొడి గాలి ఉండే ఊళ్ళో చలికాలంలో చేసుకునేవాళ్ళకి ఇది చాలు, మాకు పనికిరాదు.

కుమ్మరి మట్టి నాకు అన్నిటికంటే ఇష్టం. వినాయక చవితికి ప్రతిమ చేసుకునే చెరువు బంకమట్టే, ఆ రంగు, ఆ వాసన ఇంక దేనికీ రావు, అచ్చు నొక్కితే ప్రతి గీతా పడుతుంది. కాకపోతే ఎండిన మట్టి వేరు కాల్చిన మట్టి వేరు. మట్టి రేణువుల లోపల పట్టి ఉన్న నీరు కూడా పోయి మళ్ళీ నీళ్ళల్లో కరగకుండా తయారవ్వాలంటే 600 డిగ్రీల దాకా వేడి తగలాలి, అది కుమ్మరి ఆవంలో అయ్యే పని, ఇంట్లో ఓవెన్లో కాదు. కాల్చని బిళ్ళకి తాడు కట్టి లాగి చూసాం, కన్నం దగ్గరే విరిగిపోయింది. మీ ఊళ్ళో ఇంకా ఆవం పెట్టే కుమ్మరి ఉంటే మాత్రం వేరే ఆలోచన పెట్టుకోకండి, వెళ్ళి మట్టితోనే చేయించుకుని వాళ్ళ ఆవంలోనే కాల్పించుకోండి, దానికి సాటి లేదు, వాళ్ళకీ నాలుగు డబ్బులు.

మ్యూరల్స్ చేసేవాళ్ళు వాడే మౌల్డిట్ కూడా చూసా. రెండు ముద్దలు సమానంగా కలిపి వాడేది, అది ఆరి గట్టిపడేది కాదు, రెండూ కలిసి లోపల జరిగే చర్య వల్ల గట్టిపడేది, కాబట్టి వాన అడ్డు రాదు. కానీ కలిపిన కాసేపటికే బిగుసుకుపోతుంది, అక్షరాలు నిదానంగా రాసుకునే టైం ఇవ్వదు, వందల్లో చెయ్యాలంటే ఖర్చు కూడా.

ఇంకోటి కార్న్ ఫ్లోర్ ఫెవికాల్ ముద్ద, కోల్డ్ పోర్సిలిన్ అంటారు. కార్న్ ఫ్లోర్ ఒక కప్పు, తెల్ల ఫెవికాల్ ఒక కప్పు, రెండు చెంచాల బేబీ ఆయిల్, రెండు చెంచాల నిమ్మరసం వేసి సన్నటి సెగ మీద ముద్దయ్యేదాకా తిప్పాలి (వంట గిన్నెలో వద్దు, పాత గిన్నె ఒకటి దీనికే వదిలెయ్యండి). చాలా బలంగా వస్తుంది, పూల రేకులంత పల్చగా చేసినా విరగదు. కాకపోతే ఆరేకొద్దీ బాగా కుదించుకుపోతుంది, తెల్లదనం కూడా తగ్గి మైనం రంగుకి వస్తుంది. బిళ్ళలకి వద్దనుకున్నా కానీ ఇందులో ఫెవికాల్ చేసే పని చూసాక అది తర్వాత అక్షరాల దగ్గర పనికొచ్చింది.

చివరికి నిలబడింది తినే సోడా ముద్ద. తినే సోడా రెండు కప్పులు, కార్న్ ఫ్లోర్ ఒక కప్పు, నీళ్ళు ఒకటింపావు కప్పు. కార్న్ ఫ్లోర్ అంటే తెల్లగా చేతిలో కీచుమనే పిండి, పసుప్పచ్చటి మొక్కజొన్న పిండి కాదు. సోడా బదులు బేకింగ్ పౌడర్ వెయ్యకండి, అందులో పులుపు పదార్థం కలిపే ఉంటుంది, తడి తగలగానే పొంగుతుంది. చిన్న ప్యాకెట్లు కాకుండా కిలో లెక్కన తెచ్చుకుంటే నయం, ఎందుకంటే రెండు కప్పులంటేనే 400 గ్రాముల పైన పడుతుంది.

మూడూ చల్లగా ఉన్నప్పుడే గిన్నెలో ఉండలు లేకుండా కలిపేసి అప్పుడు పొయ్యి వెలిగించాలి. మొదట్లో ఎంత తిప్పినా పాలే, ఏం అవ్వట్లేదే అనిపిస్తుంది, చెయ్యి ఆపకూడదు, కార్న్ ఫ్లోర్ 60 డిగ్రీలు దాటాక ఒక్కసారిగా నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, అప్పుడు అడుగు నుంచి గడ్డలు లేస్తాయి, అక్కణ్ణించి నిమిషంలో అయిపోతుంది. కోవా దగ్గరపడ్డట్టు అంచులు వదిలేసి గరిటె చుట్టూ చేరగానే దింపెయ్యాలి. ఇంకొంచెం ఉంచితే ముద్ద పొడిబారి, ఒత్తేటప్పుడు అంచులన్నీ పగుళ్ళు. దింపాక పళ్ళెంలో వేసి తడిగుడ్డ కప్పి చల్లారనివ్వాలి, గుడ్డ కప్పకపోతే పైన పొర కట్టి, తర్వాత అది ముద్దలో గట్టి పలుకులుగా తగులుతుంది. చల్లారాక బాగా పిసికితే నున్నగా, తెల్లటి తెలుపులో వస్తుంది, ఆ తెలుపు చూసే నేను దీనికి ఓటేసా. ఒక వాయికి నలభై బిళ్ళల దాకా వచ్చాయి మాకు.

ఒత్తడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బటర్ పేపర్ పరిచి, ముద్దకి అటూ ఇటూ రెండేసి ఐస్ క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి, అప్పడాల కర్ర ఆ పుల్లల మీద దొర్లేలా ఒత్తితే అంతా ఒకే మందం వస్తుంది, అదే నాలుగు మిల్లీమీటర్లు. ఒకే మందం ఎందుకంటే పల్చటి పక్క ముందు ఆరి మందంగా ఉన్న పక్కని లాగుతుంది, బిళ్ళ వంకరపోతుంది. చిన్న స్టీలు డబ్బా మూతతో అయిదు సెంటీమీటర్ల గుండ్రాలు కోసాం, అంచులు తడివేలితో నిమిరాం, జ్యూస్ స్ట్రాతో కన్నం. కన్నం అంచుకి మరీ దగ్గరగా వద్దు, ఎనిమిది మిల్లీమీటర్లైనా లోపలికి ఉండాలి, తాడు బరువంతా ఆ సన్నటి ముక్క మీదే కదా పడేది. ఆరాక కన్నం కొంచెం చిన్నదవుతుంది, తాడేమో రెండు పేటలు దూరాలి, అందుకని లావుపాటి స్ట్రా తీసుకోండి.

ఇప్పుడు అచ్చుల సంగతి, నాకు చాలా ఇష్టమైన భాగం. మాకు పెడన పక్కనే. అక్కడ కలంకారీ అద్దకానికి టేకు చెక్కతో చెక్కిన అచ్చులు వాడతారు, అరిగిపోయి పక్కన పడేసిన పాత అచ్చులు రెండు మూడు మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నాయి, ఒకటి తీగ, ఒకటి చిన్న మామిడి పిందె. గుడ్డ మీద ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు వేస్తారు, ముందు నల్లగీత అచ్చు, తర్వాత లోపల నింపే రంగుల అచ్చులు. మాకు కావలసింది ఆ గీత అచ్చే. దాంట్లో గీతలు పైకి లేచి ఉంటాయి కాబట్టి ముద్ద మీద నొక్కితే గీతలు లోపలికి దిగుతాయి. ముందు అచ్చుని పాత టూత్ బ్రష్ తో పొడిగా తోమి, ఎండిపోయిన రంగు అంతా దులపాలి, లేకపోతే తెల్ల ముద్దకి ఆ మరక అంటుకుంటుంది. తర్వాత మెత్తటి బ్రష్ తో కాస్త కార్న్ ఫ్లోర్ అద్ది, నిటారుగా నొక్కి, నిటారుగా లేపాలి. నూనె రాస్తే కూడా అంటుకోదు కానీ నూనె పీల్చిన చోట తర్వాత రంగు పట్టదు, అందుకే పిండే. గుండ్రం కోసాక అచ్చు వేస్తే బిళ్ళ సాగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, కాబట్టి ఒత్తిన రొట్టె మీద ముందు అచ్చులు వేసేసి ఆ తర్వాత గుండ్రాలు కోయాలి.

పెడన అచ్చులు అందరికీ దొరకవు, అలాంటప్పుడు వంటింట్లోనే ఉన్నాయి. గవ్వల చెక్క మీద ఒత్తితే సన్నటి గాడులు వరసగా పడతాయి, చాలా బాగుంటుంది. జాకెట్టు లేసు ముక్క పరిచి కర్ర దొర్లించినా అంతే. ఆకుల్లో కరివేపాకు, వేప, రావి వేసి చూసాం, ఆకు వెనక పక్కని ముద్దకి ఆనించాలి, ఈనెలు ఉబ్బెత్తుగా ఉండేది ఆ పక్కే. తులసి ఆకు మాత్రం మరీ మెత్తన, నలిగి పసరు దిగింది.

ఇక అక్షరాలు. దీనికోసమే కదా ఇదంతా! ఇంగ్లీషు అక్షరాల స్టాంపు సెట్లు ఏ స్టేషనరీ షాపులో అడిగినా ఉన్నాయి, తెలుగువి నాకు ఎక్కడా కనపడలేదు. ఉన్నా కష్టమే అనుకోండి, ఇంగ్లీషుకి 26 చెక్కితే అయిపోతుంది, మనకి గుణింతాలు, వత్తులు, పైన గుడి, కింద వత్తు, అన్నీ విడివిడి ముక్కలుగా చేసి పక్కపక్కన పేర్చి నొక్కితే కుదరదు. మాటకో స్టాంపు చెక్కుకోవాల్సిందే.

భరిణెలన్నిటికీ ఒకే గుర్తుగా "శ్రీ" అని అనుకున్నాం. పెన్సిల్ రబ్బరు పెద్దది తీసుకుని చెక్కా. తిరగేసి గీయడానికి తంటాలు పడక్కర్లేదు, పల్చటి కాగితం మీద మెత్తటి పెన్సిల్ తో అక్షరం లావుగా రాసి, ఆ కాగితాన్ని రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దితే అక్షరం తిరగబడి రబ్బరు మీదకి దిగుతుంది. తర్వాత గీత చుట్టూ కట్టర్ తో చెక్కి తీసెయ్యడమే. "శ్రీ"లో జాగ్రత్త పడాల్సింది రెండు చోట్ల, పైన గుడిదీర్ఘం చుట్టకి లోపల ఖాళీ ఉండాలి, కింద క్రావడి తోక అక్షరానికి అంటుకుపోకుండా కాస్త ఎడం ఉండాలి. అక్షరం రెండు సెంటీమీటర్ల ఎత్తు ఉంటే రెండూ తేటగా వస్తాయి, అంతకంటే బాగా తగ్గిస్తే ముద్ద ఆ చిన్న ఖాళీల్లో ఇరుక్కుని లేచి వచ్చేస్తుంది, అక్షరం మూసుకుపోతుంది.

దగ్గర బంధువులకి మాత్రం పేరు లేకుండా వరస రాసి ఇవ్వాలని నాకు కోరిక. పెద్దత్తయ్య, బాబాయ్, బావగారు, అమ్మమ్మ, ఇలా. ఒక్కో మాట ఒకటి రెండు బిళ్ళలకే, దానికోసం రబ్బరు చెక్కుతూ కూర్చోలేం. పుల్లతో నేరుగా రాసి చూసా, పుల్ల దున్నుకుంటూ పోయి రెండు పక్కలా కట్ట కట్టింది. పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి దాని మీదనుంచి మొద్దుబారిన అల్లికల సూదితో రాస్తే ఆ కట్ట రాదు, గీత అంచులు గుండ్రంగా దిగుతాయి, ఇది బాగుంది. మన అక్షరాలకి ఇది బాగా నప్పుతుంది కూడా, తాటాకు మీద గంటంతో రాసిన రోజుల్లో నిలువుగీతలు అడ్డగీతలు ఆకుని చీలుస్తాయని అక్షరాలు ఇలా గుండ్రంగా తిరిగాయని అంటారు కదా, మెత్తటి ముద్దలో కూడా సూది మలుపు తిరిగినంత సుఖంగా మూలకి తిరగదు.

అప్పుడు మా మేనకోడలు "అత్తా, గోరింటాకు కోన్ లో పోసి రాద్దామా" అంది. అది పెళ్ళిళ్ళకి మెహందీ బాగా పెడుతుంది, చెయ్యి తిరిగింది. అదే సోడా ముద్దని నీళ్ళతో జారుగా చేసి, జల్లెడ పట్టి, అందులో ఫెవికాల్ కలిపి కోన్ లో నింపాం. రెండు చెంచాల జారు ముద్దకి అర చెంచా పైన ఫెవికాల్ పడింది. ఫెవికాల్ లేకుండా వట్టి జారుతో రాసింది ఆరేసరికి గీత అడ్డంగా చిట్లింది, ఎందుకంటే అందులో నీళ్ళు ఎక్కువ కాబట్టి బిళ్ళకంటే ఎక్కువ కుదించుకుంటుంది, ఫెవికాల్ కలిపినది పట్టుకుని నిలబడింది. బిళ్ళ ఇంకా చెమ్మగా ఉన్నప్పుడే రాయాలి, ఆరిపోయిన బిళ్ళ మీద రాస్తే తర్వాత గోటితో గీకితే అక్షరం లేచి వచ్చేస్తుంది. కోన్ కొన సన్నగా కత్తిరించి అది రాస్తుంటే "బాబాయ్"లో బ మీద తలకట్టు లేకుండా, య మీద పొల్లు, ఎంత ముద్దుగా వచ్చాయో, తెల్ల మీద తెల్లగా ఉబ్బెత్తు అక్షరాలు. నాకు మొత్తం పనిలో అంత సంతోషం ఇంకెక్కడా కలగలేదు. పిల్ల తెలుగు చేత్తో రాసి ఎన్నాళ్ళైందో, వాట్సాప్ లో కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతుంది, ఆ రోజు మాత్రం "అమ్మమ్మ"కి మ వత్తు ఎక్కడ మొదలెట్టాలి అని అమ్మని అడిగి మరీ రాసింది.

పసుపు సంగతి కూడా చెప్పాలి. గడపకి రాసే పసుపు రంగులో కొన్ని బిళ్ళలు ఉంటే బాగుంటుందని ఒక ముద్దలో పసుపు కలిపితే కలుపుతుండగానే ఇటుక ఎరుపులోకి తిరిగింది. మేనకోడలు ఆశ్చర్యపోయింది, అమ్మ మాత్రం "పసుపులో సున్నం కలిపితే పారాణి అవ్వదుటే, ఇదీ అంతే" అంది. నిజమే, సున్నం లాగే సోడాకీ క్షార గుణం ఉంది, పొయ్యి మీద వేడి తగిలాక అది ఇంకా పెరుగుతుంది, పసుపులో రంగునిచ్చే పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది. ఆ పారాణి రంగు మాకు ఎంత నచ్చిందంటే పెళ్ళికూతురి పాదాల రంగు అని అమ్మ మురిసిపోయి ముత్తైదువలకి ఇచ్చే వాటికన్నిటికీ అవే కట్టమంది. ఎండ తగిలితే మాత్రం వెలిసిపోతుంది, పసుపు రంగు వెలుతురుకి నిలవదు, సంచిలో ఉన్నంతకాలం ఫర్వాలేదు. కచ్చితంగా పసుపు రంగే కావాలంటే ఆరాక పైన ఎక్రిలిక్ రంగు వేసుకోవాలి.

ఆరబెట్టడం దగ్గరే మొత్తం పనిలో సగం ఉంది. పళ్ళెంలో పెట్టి వదిలేస్తే పై పక్క ఆరి కుదించుకుంటుంది, కింద పక్క తడిగానే ఉంటుంది, దాంతో అంచులు పైకి లేచి బిళ్ళ గిన్నె అవుతుంది. కాబట్టి రెండు పక్కలా ఒకేలా ఆరేలా చూడాలి. మేము జల్లెళ్ళు బోర్లించి, పైన పల్చటి నూలుగుడ్డ పరిచి వాటి మీద పెట్టాం, కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. ఫ్యాన్ నేరుగా కింద వద్దు, గదిలో తిరిగితే చాలు. మొదటిరోజు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తిప్పాం. కోన్ తో రాసినవి మాత్రం అక్షరం గట్టిపడేదాకా తిప్పకూడదు, అందుకే వాటిని వేరే జల్లెడ మీద పెట్టాం. పై పొర బిగిసి లోపల ఇంకా చెమ్మ ఉన్న దశలో వంగే సూచన కనపడిన వాటిని రెండు గుడ్డల మధ్య పెట్టి పైన చెక్కపీట బరువు ఉంచితే చదునుగా వచ్చాయి. పూర్తిగా ఆరాక బరువు పెడితే విరుగుతుంది తప్ప చదునవదు.

వాన పట్టుకుని వదలలేదు, ఎంతకీ లోపలి చెమ్మ పోదు. అప్పుడు ఓటీజీ, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్, వాడాం. 80 డిగ్రీలు చాలు. చాలా ఓటీజీల్లో గుర్తులు 100 నుంచే మొదలవుతాయి, 100 పెట్టి తలుపు సందులో చెక్క గరిటె ఇరికించి కొంచెం తెరిచి ఉంచితే వేడీ తగ్గుతుంది, ఆవిరి కూడా బయటికి పోతుంది. మధ్యలో తిప్పుతూ గంటసేపు. వేడి ఎక్కువ పెడితే త్వరగా అయిపోతుంది అనుకోవద్దు, తినే సోడా వేడికి విడిపోయి గ్యాస్ వదులుతుంది, కేకు పొంగేది ఆ గ్యాస్ వల్లే, ఇక్కడ బిళ్ళ మీద బుడగలు లేస్తాయి, తెలుపు కాస్తా పసుప్పచ్చగా మారుతుంది. మధ్యలో ఒక పూట ఎండ వచ్చింది కదా అని కొన్ని డాబా మీద పెట్టి చూసాం, పచ్చిగా ఉన్నవి చిట్లాయి, నీడలో సగం ఆరాక పెట్టినవి బాగున్నాయి.

ఆరిందో లేదో తెలియాలంటే బిళ్ళని చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా నీళ్ళు ఆవిరవుతున్నట్టే. రెండు బిళ్ళలు తట్టి చూస్తే టక్కుమని గట్టి చప్పుడు రావాలి, మొద్దు చప్పుడు వస్తే ఇంకా అవలేదు. వంటింటి తూకం ఉంటే ఇంకా మేలు, ఒకే బిళ్ళని పొద్దున సాయంత్రం తూచి బరువు తగ్గడం ఆగిపోయేదాకా చూడటమే. దీన్ని తొందరపడి వార్నిష్ వేసేస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక వార్నిష్ కింద తెల్ల మచ్చలు కడుతుంది.

తర్వాతవి చకచకా అయిపోయాయి. అంచులు 220 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 400 తో రుద్దాం, ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆరుబయట చెయ్యండి, సన్నటి పొడి లేస్తుంది. కలంకారీ అచ్చు వేసినవాటికి నల్ల ఎక్రిలిక్ రంగుని నీళ్ళతో పల్చగా చేసి మొత్తం పూసి, వెంటనే చెమ్మ గుడ్డతో పైపైన తుడిచేస్తే గీతల్లో మాత్రం నలుపు నిలిచిపోతుంది, అప్పుడు తెల్ల బిళ్ళ మీద అచ్చం అద్దకం గుడ్డలో నల్లగీత పడినట్టే. చెమ్మ గుడ్డ అంటే గట్టిగా పిండినది, సోడా నీళ్ళల్లో కరుగుతుంది కాబట్టి తడి ఎక్కువైతే పైపొర అరుగుతుంది. అందుకే చివర్లో వార్నిష్ తప్పనిసరి, ముందు, వెనక, అంచులు, కన్నం లోపల కూడా. పల్చగా రెండు మూడు పూతలు, మెరుపు లేని రకం వేసాం, మెరిసేది వేస్తే ప్లాస్టిక్ లా కనపడుతుంది, ఇంత కష్టపడి చేసింది అలా కనపడకూడదు. తాళ్ళకి జనపనార కొన్ని, మిగతావాటికి తెల్ల నూలుదారం పేనుకుని పసుపు రాసి ఆరబెట్టి కట్టాం. పసుపు దారం వార్నిష్ లేని బిళ్ళకి తగిలితే మరక పడుతుంది, వార్నిష్ వేసినదానికి ఏం కాలేదు.

ఒక్క హెచ్చరిక, సోడా ముద్ద గానీ ఉప్పు ముద్ద గానీ కుక్కలకి అందనివ్వకండి, తింటే ఒంట్లో సోడియం పెరిగిపోయి ప్రాణం మీదకి వస్తుంది. పాకే పిల్లలకి కూడా అందకుండా పెట్టండి. మిఠాయిల ప్యాకెట్లకి కడితే బయట కట్టండి, తినేవాటికి తగలకుండా.

గృహప్రవేశం రోజు భరిణెల బుట్ట దగ్గర మా మేనకోడలే నిలబడింది, వరస రాసినవి ఎవరివి వాళ్ళకి వెతికి ఇవ్వడం దాని పని. బాబాయ్ కళ్ళజోడు సవరించుకుని చదివి "ఇది ఎవరు రాసారమ్మా" అని అడిగి, అది రాసిందని తెలిసాక సంచి పక్కన పెట్టి ట్యాగు ఒక్కటే విప్పి జేబులో వేసుకున్నారు. మా పెద్దత్తయ్య బీరువా తాళాలకి కట్టుకుంటా అంది, వద్దని చెప్పా, రోజూ తాళాలు తగిలి అంచు పెచ్చులూడుతుంది, దేవుడి గదిలో గోడకి తగిలించుకోమన్నా. వరస రాసినవి అందరికీ ఎందుకు చెయ్యలేదని ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా, "శ్రీ" వచ్చినవాళ్ళు.

మిగిలిన ముద్దని ప్లాస్టిక్ కవర్లో గాలి లేకుండా చుట్టి డబ్బాలో పెడితే కొన్ని రోజులు బాగానే ఉంది, వాడేముందు తడిచేత్తో మళ్ళీ పిసకాలి. కోన్ జారు మాత్రం నిలవ ఉండదు, ఏ రోజుకి ఆ రోజే. సంక్రాంతికి మళ్ళీ చేద్దామంటోంది మేనకోడలు, అప్పటికి వానలు ఉండవు కాబట్టి ఓవెన్ లేకుండా జల్లెడ మీదే ఆరతాయేమో చూడాలి. ఈసారి బాబాయ్, పిన్ని ఒక్కటే కాకుండా పిల్లల ముద్దుపేర్లు కూడా రాస్తుందట, లిస్టు ఇప్పటినుంచే రాసుకుంటోంది.